వండర్‌లాకు పస్తుండి వెళ్లకండి

ప్రశ్న: నా వయసు 34. కూకట్‌పల్లిలో ఉంటాం. నాలుగేళ్లుగా అల్సరేటివ్ కోలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు) ఉంది. దానికి మెసలమైన్, అజాథయోప్రిన్ మాత్రలు వాడుతున్నాను. ఏడు నెలలుగా రక్తం పడటం లేదు. రోజుకు రెండు మూడు సార్లు వెళ్తాను, కానీ వచ్చిందంటే ఆపుకోలేను. పోయినేడు పెళ్లి బస్సును నాకోసం రోడ్డు పక్కన ఆపాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఊరు దాటలేదు. బాబుకి ఎనిమిదేళ్లు. సెలవుల్లో మరిది వాళ్లతో కలిసి వండర్‌లా అమ్యూజ్‌మెంట్ పార్కుకి వెళ్దామంటున్నారు. "ఆ రోజు ఏమీ తినకుండా రా, ఏమీ కాదు" అంటారు అత్తయ్య. అమెరికాలో ఉన్న అక్క, డిస్నీలో ఇలాంటి జబ్బుకి క్యూ లేకుండా పాసు ఇస్తారంటోంది. ఇక్కడా ఉంటుందా? నేను వెళ్లొచ్చా, వాళ్లని పంపించి ఇంట్లో ఉండిపోనా?
– ఒక సోదరి, కూకట్‌పల్లి

సమాధానం: వెళ్లండమ్మా. అత్తయ్యగారు చెప్పినట్టు మాత్రం వెళ్లకండి. మీ ఉత్తరంలో మమ్మల్ని కంగారు పెట్టింది ఆ "ఏమీ తినకుండా" అన్న మాటే. కోలైటిస్ ఉన్నవాళ్ల ఇళ్లలో ప్రయాణం అనగానే మొదట వినపడే సలహా అది. ఎక్కువ చెడగొట్టేదీ అదే.

పస్తున్నంత మాత్రాన పేగు ఖాళీ అయిపోదు. లాలాజలం, జఠరరసం, పైత్యరసం, పేగుల్లో ఊరే ద్రవాలు మనం తినకపోయినా వస్తూనే ఉంటాయి. పైగా పొట్టలో ముద్ద పడగానే పెద్దపేగుకి కబురు వెళ్తుంది: పైనుంచి కొత్త సరుకు దిగుతోంది, ఉన్నది కిందికి తొయ్యి అని. డాక్టర్లు దీన్ని గ్యాస్ట్రోకోలిక్ రిఫ్లెక్స్ అంటారు. తిన్న కొద్ది నిమిషాల్లోనే మొదలై గంట దాకా సాగుతుంది. ముద్ద పెద్దదైతే, నూనె ఎక్కువైతే మరీ గట్టిగా వస్తుంది. పొద్దున్నుంచి కడుపు కట్టుకుని, రెండింటికి ఆకలికి ఆగలేక ఫుడ్ కోర్టులో బిర్యానీ తిన్నారనుకోండి. రెండున్నరకి మీరుండేది రోలర్‌కోస్టర్ క్యూలో, ఇనుప రెయిలింగుల మధ్య. నీళ్లు కూడా మానేస్తే ఎండకి తలనొప్పి వస్తుంది. తోటికోడలు పాపం మంచి మనసుతోనే బ్యాగులోంచి ఒక మాత్ర తీసి ఇస్తుంది. అది ఐబుప్రొఫెనో డైక్లోఫెనాకో అయితే సద్దుమణిగిన కోలైటిస్ కొందరిలో మళ్లీ రేగుతుంది. మీ బ్యాగులో పారాసిటమాల్ ఉంచుకోండి, ఇంకొకరి మాత్ర వేసుకోకండి.

రక్తం ఆగి ఏడు నెలలైనా ఆపుకోలేకపోవడం ఎందుకు పోలేదని మీకు అనుమానం ఉండే ఉంటుంది. పుండ్లు మానినా, మలాశయం గోడ చాలాకాలం వాచి ఉండటం వల్ల సాగే గుణం తగ్గుతుంది. మామూలు మనిషిలో అది సంచిలా సాగి కాసేపు పట్టి ఉంచుతుంది. మీలో కొద్దిగా చేరినా, ఒట్టి గాలి చేరినా వెంటనే గంట కొడుతుంది. అందుకే కొన్నిసార్లు పరిగెత్తుకెళ్లి కూర్చుంటే ఏమీ రాదు. ఇదొక్కటే జబ్బు తిరగబెట్టిందనడానికి గుర్తు కాదు. అలాగని దాన్ని తేలిగ్గా తీసుకుని ప్లాన్ వేయకూడదు.

ముందుగా మీ పేగు వేళలు పట్టుకోండి. వారం రోజులపాటు ఒక కాగితం మీద మూడే మూడు రాయండి: ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, తర్వాత ఎన్ని నిమిషాలకి వెళ్లారు. చాలామందికి ఏడు రోజుల్లో లెక్క తేలిపోతుంది. లేచాక మొదటి రెండు గంటల్లో ముప్పాతిక వంతు పని అయిపోవడం, మధ్యాహ్నం తిన్నాక ఒకసారి, ఆ తర్వాత రాత్రి దాకా నిమ్మళం – ఎక్కువగా ఇలా ఉంటుంది. మీదీ అలాగే ఉంటే పార్కు రోజు చేయాల్సింది ఒకటే, ఆ మొత్తాన్ని ముందుకు జరపడం. బయల్దేరే వేళకి మూడు గంటల ముందు లేవాలి. పదింటికి బయల్దేరతారనుకుంటే ఏడింటికి లేచి, ఏడుంపావుకల్లా కాఫీ, ఏడున్నరకి రెండిడ్లీలు. కాఫీ తాగేదేదో ఇంట్లోనే తాగేయండి. కెఫీన్ పెద్దపేగును కదిలిస్తుంది కాబట్టి పొద్దున అది మీ పక్షాన పనిచేస్తుంది, దారిలో ఆగి తాగే ఇరానీ చాయ్ మీకు ఎదురు తిరుగుతుంది. తొమ్మిదిన్నర తర్వాత గుక్కగుక్కగా నీళ్లు తప్ప ఇంకేమీ వద్దు.

దీన్ని పార్కు రోజే మొదటిసారి ప్రయత్నించకండి. ముందు వచ్చే ఆదివారం ఇదే టైమ్‌టేబుల్‌తో ఏదైనా మాల్‌కి వెళ్లి మూడు గంటలు తిరిగి రండి. మాల్‌లో ప్రతి అంతస్తులో టాయిలెట్ ఉంటుంది, తేడా వచ్చినా నష్టం లేదు. పెళ్లి బస్సు భయం ఎంత సర్దిచెప్పుకున్నా పోదు, ఇలాంటి మూడు గంటలు రెండుసార్లు సాఫీగా గడిస్తే మెల్లిగా సడలుతుంది. భయమే పేగును కదిలిస్తుంది కాబట్టి ఇది కూడా వైద్యంలో భాగమే అనుకోండి.

దారి సంగతి. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే శంషాబాద్ మీదుగా రావిర్యాల, 13వ నంబరు ఎగ్జిట్ దాకా ఎక్కడపడితే అక్కడ ఆపే రోడ్డు కాదది. అందుకని ఔటర్ ఎక్కేముందే గచ్చిబౌలిలో ఒకసారి ఆగండి, రాకపోయినా వెళ్లి కూర్చోండి. అందరూ కలిసి ఒకే బండిలో వెళ్లొద్దు. మీరు, మీవారు, బాబు ఒక కారు. మరిది వాళ్లది ఇంకో కారు. ఆపమని నలుగురిలో అడగాల్సిన అవసరం లేదన్న ధైర్యంతోనే సగం సార్లు ఆపాల్సిన పని రాదు.

పాసు విషయం. మీ అక్కగారు చెప్పింది పాత మాట. డిస్నీలో కూడా 2024లో నియమాలు మార్చారు. ఆ పాసును ప్రధానంగా ఆటిజం వంటి ఎదుగుదల సమస్యలున్నవాళ్లకి పరిమితం చేశారు. పేగు జబ్బులున్నవాళ్లకి క్యూలోంచి బయటికి వెళ్లి మళ్లీ తమవాళ్ల దగ్గరికి చేరుకునే ఏర్పాటు లాంటివి చూపిస్తున్నారు. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో కోలైటిస్ లేదు కాబట్టి ఇక్కడ హక్కుగా అడగడానికి ఆధారం లేదు. డబ్బు పెడితే దొరికేది మాత్రం ఉంది: వండర్‌లాలో ఫాస్ట్‌ట్రాక్ టికెట్టు. అందరికీ కొనక్కర్లేదు, మీకూ బాబుకీ తీసుకుంటే చాలు. రైడ్ నడిచేది రెండు మూడు నిమిషాలే. మీకు కష్టం రైడ్‌తో కాదు, దానికి ముందున్న ముప్పావుగంటతో. ఫాస్ట్‌ట్రాక్ తీసుకోకపోతే మీవారూ బాబూ క్యూలో నిలబడి, గేటు దగ్గరికి వచ్చాక మీకు ఫోన్ చేస్తారు, అప్పుడు మీరు వెళ్లి కలుస్తారు. క్యూ మొదట్లో ఉండే స్టాఫ్‌కి ముందే "నాకు కడుపు జబ్బు ఉంది, చివర్లో వచ్చి కలుస్తాను" అని చెప్పి పెట్టుకోండి. అప్పటికప్పుడు జనం మధ్యలోంచి తోసుకెళ్తే గొడవ అవుతుంది.

దీనికి పనికొచ్చేది మీ గ్యాస్ట్రో డాక్టరు లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాలు: ఈమెకు దీర్ఘకాలిక పేగు జబ్బు ఉంది, మందులు, ఓఆర్‌ఎస్, కొంత పథ్యం తిండి వెంట ఉంచుకోవాలి, టాయిలెట్‌కి వెంటనే వెళ్లనివ్వాలి. పార్కు లోపలికి బయటి తిండి తేనివ్వరు. గేటు దగ్గర బ్యాగులు చూస్తారు. అక్కడ వాదించే బదులు నాలుగు రోజుల ముందే ఆ ఉత్తరం జతచేసి పార్కుకి ఈమెయిల్ పెట్టి, వచ్చిన జవాబు ప్రింటు తీసుకెళ్లండి. సెక్యూరిటీ మనిషికి ఫోన్ స్క్రీన్ కంటే కాగితం మీద నమ్మకం ఎక్కువ.

లోపలికి వెళ్లాక మొదటి పావుగంట పిల్లల్ని మీవారికి అప్పగించి టాయిలెట్లు చూసుకోండి. ఎన్ని ఉన్నాయన్నది ఒక ఎత్తు, ఏ వేళకి ఏది ఖాళీగా ఉంటుందన్నది ఇంకో ఎత్తు. ఫుడ్ కోర్టు పక్కనున్నవి మధ్యాహ్నం కిటకిటలాడతాయి. గేటు దగ్గరివి తొలి రద్దీ లోపలికి వెళ్లిపోయాక సాధారణంగా ఖాళీ అవుతాయి. టాయిలెట్‌కి మూడు నిమిషాల నడకలో ఉన్న రైడ్లే మీవి, మిగిలినవి వాళ్లవి. లోపలికి వెళ్లగానే తలుపు గడియ, జెట్ స్ప్రేలో నీళ్లు వస్తున్నాయో లేదో చూసుకోండి. స్ప్రే పనిచేయని చోటు తగులుతుంది కాబట్టి బ్యాగులో అర లీటరు ఖాళీ సీసా ఒకటి పడేసుకోండి, చెంబుకి బదులు.

ఇక బట్టలు. దీని గురించి ఎవరూ చెప్పరు గనుక కాస్త వివరంగా. వాటర్ రైడ్లకి నైలాన్, పాలిస్టర్ బట్టలే ఉండాలి, కాటన్‌తో దిగనివ్వరు. చాలామంది మెడ నుంచి మోకాలి దాకా ఒకే ముక్కగా ఉండి, వెనక జిప్ ఉన్న సూట్ కొంటారు. మీరు అది కొనకండి. తడిస్తే ఒంటికి అంటుకుపోయి, తీయడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలే మీ దగ్గర ఉండవు. పైన టీషర్టు, కింద ఒక సైజు పెద్ద నైలాన్ షార్ట్స్. బొందు ఉంటే పీకేసి ఎలాస్టిక్ మాత్రం ఉంచండి, తడి ముడి వేళ్లకి లొంగదు. ఇంట్లో ఒకసారి షవర్ కింద పూర్తిగా తడిసి, విప్పడానికి ఎన్ని సెకన్లు పడుతుందో లెక్కపెట్టండి. పది దాటితే వేరేది కొనండి.

నీళ్లలోకి దిగాలా వద్దా అన్నది ఆ పొద్దున తేలుతుంది. విరేచనం పల్చగా ఉన్న రోజు వేవ్ పూల్‌లో అడుగు పెట్టవద్దు. అక్కడ పదిమంది పిల్లలు నీళ్లు మింగుతుంటారు. మీకోసం కూడా వద్దనే చెబుతాం. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి, పూల్‌లో మామూలుగా ఉండే క్లోరిన్‌లో కూడా పది రోజుల వరకు బతుకుతుంది. అజాథయోప్రిన్ రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది కాబట్టి మీకు ఆ ఇన్‌ఫెక్షన్ వస్తే తొందరగా వదలదు. గట్టిగా ఉన్న రోజైనా తల ముంచకుండా, నోట్లోకి నీళ్లు పోనివ్వకుండా ఆడండి. అజాథయోప్రిన్ వల్ల ఎండకి చర్మం తేలిగ్గా దెబ్బతింటుంది కూడా. ఏళ్ల తరబడి వాడితే చర్మ క్యాన్సర్ ముప్పు కొంత పెరుగుతుంది. చేతులు నిండా కప్పే టీషర్టు, టోపీ, రెండు గంటలకోసారి సన్‌స్క్రీన్ పెట్టుకోండి. రోలర్‌కోస్టర్ బార్ పొట్ట మీద నొక్కితే పేగుకేమన్నా అవుతుందా అని భయం ఉంటే, జబ్బు సద్దుమణిగి ఉన్నప్పుడు ఏమీ కాదు. స్టోమా బ్యాగు (సర్జరీ తర్వాత పొట్ట మీద మలం చేరే సంచి) ఉన్నవాళ్లు, ఈమధ్య పొట్ట సర్జరీ అయినవాళ్లు మాత్రం అలాంటి సీట్లకి దూరంగా ఉండాలి.

బ్యాగు రెండు భాగాలు చేయండి. నడుముకి కట్టుకునే వాటర్‌ప్రూఫ్ పౌచ్‌లో ఒక లోదుస్తు, చిన్న టిష్యూ ప్యాకెట్, ఒక నల్ల చెత్త కవరు, ఒక ప్యాడ్. ఇది ఎప్పుడూ మీ ఒంటి మీదే ఉండాలి. మిగతావి – ఒక జత బట్టలు, వెట్ వైప్స్, పెట్రోలియం జెల్లీ, సబ్బు కాగితాలు, మందులు, ఓఆర్‌ఎస్ – లాకర్లో. లాకర్ ఎంత దగ్గరున్నా అవసరమైన క్షణానికి అది దూరమే. వైప్స్ కమోడ్‌లో వేయకండి, పూడుకుపోతుంది. నల్ల కవరు తెచ్చుకున్నది అందుకు కూడా. శానిటైజర్ క్రిప్టోస్పోరిడియంని చంపదు, అందుకే సబ్బు.

మధ్యాహ్నం తిండి పన్నెండున్నరకే, జనం రాకముందు. తెల్లన్నం, పెరుగు, ఉడకబెట్టిన గుడ్డు, దొరికితే ఇడ్లీ. పెరుగు మీకు రోజూ పడుతుంటేనే. ఆ రోజు కొత్త తిండి ఏదీ ప్రయోగించవద్దు. బయట కోసి పెట్టిన పండ్లు, ఐసు, పల్చటి చట్నీలు వద్దు. షుగర్‌ఫ్రీ చూయింగ్‌గమ్‌లో సార్బిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, అదొక్కటే చాలు మోషన్స్ తెప్పించడానికి. తిన్నాక ముప్పావుగంట టాయిలెట్‌కి దగ్గర్లో నీడ చూసుకుని కూర్చోండి. వాళ్లు ఆడుకుంటారు. మీ కాగితంలో మధ్యాహ్నం లెక్క ఎన్ని నిమిషాలో ఉంటుంది కదా, అది గడిచాక లేవండి. సాయంత్రం దాకా అదే మీ మంచి సమయం, పెద్ద రైడ్లు అప్పటికి దాచుకోండి.

ఓఆర్‌ఎస్ గురించి ఒక జాగ్రత్త. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్యాకెట్ 20.5 గ్రాములు, సరిగ్గా లీటరు నీళ్లకి. 200 మిల్లీలీటర్లకి చిన్న ప్యాకెట్లు వేరేగా దొరుకుతాయి, సీసాతో తిరిగేవాళ్లకి అవే నయం. పెద్ద ప్యాకెట్‌లో కాస్త చిన్న సీసాలో వేసుకుంటే ద్రావణం చిక్కబడి పేగులోకి నీటిని లాగుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. తియ్యటి పళ్ల రుచి డబ్బాలు ఓఆర్‌ఎస్ కావు. ఈ ఫార్ములాకి తగ్గట్టు లేని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. దానికోసం ఏళ్లపాటు పోరాడింది మన హైదరాబాద్ పిల్లల డాక్టరే, శివరంజని సంతోష్ గారు. మందుల షాపులో ప్యాకెట్ మీద ఫార్ములా చదివి తీసుకోండి.

మందులు మామూలు వేళకే వేసుకోవాలి, ఆ రోజుకి మెసలమైన్ మానడం, కొరికి మింగడం వద్దు. విరేచనాలు ఆపే లోపరమైడ్ సంగతి చాలామంది అడుగుతారు. జబ్బు సద్దుమణిగి ఉన్నవాళ్లు, డాక్టరు సరేనంటే, 2 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి బయల్దేరడానికి గంట ముందు వేసుకోవచ్చు. కానీ ముందు మాల్ రోజున వేసుకుని చూడండి, కొందరికి రెండు రోజులు బిగపట్టేస్తుంది. రక్తం పడుతున్నా, జ్వరం ఉన్నా, పొట్ట ఉబ్బినా దాన్ని ముట్టుకోకూడదు. రేగిన పేగును ఆపేస్తే అది ఉబ్బిపోయి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. నొప్పికి వాడే డైసైక్లోమైన్‌తో మరో చిక్కు: చెమట పట్టనివ్వదు. మే నెల ఎండలో చెమట పట్టకపోతే వడదెబ్బే. అసలు వేసవి సెలవులకి బదులు నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకోమంటాం. మామూలు వారపు రోజు అయితే మంచిది, కాకపోతే చలికాలంలో వారం మధ్య స్కూలు పిల్లల బస్సులు దిగుతుంటాయి. ముందే ఫోన్ చేసి ఆ రోజు గ్రూప్ బుకింగులు ఎన్ని ఉన్నాయో అడగండి.

ఇన్ని చేసినా క్యూలో అర్జెంటుగా వచ్చిందనుకోండి. పరిగెత్తకండి. పెద్దపేగు అలలుగా ముడుచుకుంటుంది. ఒక్కో అల ఒకటి రెండు నిమిషాలు ఉండి తగ్గుతుంది. అల వచ్చినప్పుడు కదలకుండా నిటారుగా నిలబడి, కాళ్లు దగ్గర పెట్టి, కింద కండరాన్ని ఐదారు సెకన్లు బిగించి వదలండి, మళ్లీ బిగించండి, నోటితో మెల్లగా గాలి వదలండి. తగ్గగానే నడవండి. అల మీద ఉండగా పరిగెత్తినవాళ్లే దారిలో ఇబ్బంది పడతారు. మాల్‌లో ఇది కూడా ఒకసారి సాధన చేయండి.

మరిది వాళ్లతో ఎంత చెప్పాలి అన్నది మీ ఇష్టం. ఒక్క మాట మాత్రం బయల్దేరే ముందు చెప్పడం మంచిది: "నేను మధ్యమధ్యలో కనపడను, వెతకొద్దు, ఫోన్ చేస్తాను." తోటికోడలికి ఇంకో వాక్యం కలపండి, బాబుని ఒక అరగంట ఆమె చూసుకోవాల్సి రావచ్చని. ఎనిమిదేళ్ల బాబుకి "అమ్మ పేగుకి పుండు, అందుకే గబగబా వెళ్తుంది" అని చెబితే అర్థమవుతుంది. అర్థమైన పిల్లాడు అందరి ముందూ "అమ్మ మళ్లీ బాత్రూమేనా" అని అరవడు.

వాళ్లు రామోజీ ఫిల్మ్ సిటీ అని మాట మార్చారంటే ఇంకొంచెం ఆలోచించండి. గిన్నిస్ లెక్కలో అది 1,666 ఎకరాలు. లోపల తిరగడం ఎక్కువగా వాళ్ల బస్సుల్లోనే, ఎక్కాక దిగడం మీ చేతిలో ఉండదు. పెళ్లి బస్సు గుర్తున్నవాళ్లకి అది రెండో ప్రయాణంగా పెట్టుకోవాల్సింది. లోయర్ ట్యాంక్‌బండ్‌లో మంచులో ఆడించే స్నో వరల్డ్ దగ్గరే కదా అనిపిస్తుంది గానీ, ఆ కోటూ బూట్లూ గ్లౌజులూ విప్పే పని ఒకటి ఉంది.

గత రెండు వారాల్లో రక్తం కనపడినా, రాత్రి నిద్రలోంచి లేచి వెళ్లాల్సి వస్తున్నా, మామూలు కంటే రెండుసార్లు ఎక్కువ వెళ్తున్నా టికెట్లు వాయిదా వేసి డాక్టరును కలవండి. కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష (పేగు వాపును చూపే మలపరీక్ష) చేయించి ఉంటే అది 250 దాటిందా చూడండి, దాటితే పేగు లోపల ఇంకా మంట ఉందనే అనుమానించాలి. రోజుకు ఆరుసార్లు, అంతకు మించి రక్తంతో పడుతూ, జ్వరమో, నాడి 90 దాటడమో ఉంటే పార్కు మాట అటుంచి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

తిరుగు ప్రయాణంలో కారు ఎక్కేముందు ఐదు నిమిషాలు టాయిలెట్‌లో కూర్చోండి. రాత్రి తిండి దారిలో కాకుండా ఇంటికి వచ్చాకే, పెరుగన్నమో చారన్నమో. తర్వాత మూడు నాలుగు రోజుల్లో మోషన్స్ పల్చబడితే జబ్బు తిరగబెట్టిందని మీకు మీరే మాత్రలు పెంచుకోకండి. పార్కు తిండి, పార్కు నీళ్లు తెచ్చిన ఇన్‌ఫెక్షన్ అచ్చం అలాగే ఉంటుంది. ముందు మలపరీక్ష చేయించి, రిపోర్టుతో డాక్టరు దగ్గరికి వెళ్లండి. క్రిప్టోస్పోరిడియం మామూలు మలపరీక్షలో దొరక్కపోవచ్చు కాబట్టి, పూల్‌లో దిగిన సంగతి ల్యాబ్‌లోనూ డాక్టరుకీ మీరే చెప్పాలి.